కోపం పోయిన తేదీ

కృపమ్మకు కోపం పోయి పంతొమ్మిదేళ్లయింది. ఇది మాటవరసకు చెప్పే లెక్క కాదు. తేదీ ఉంది, సాక్షులున్నారు. బందరులో జరిగిన ప్రార్థన సభల మూడో రోజు, మధ్యాహ్నం భోజనాలకు ముందు, మోకాళ్ల మీద ఉండగా తనలోంచి కోపం వేరుతో సహా ఊడి వచ్చేసిందని ఆవిడ నమ్మకం. అవనిగడ్డలో సహవాసం అని పిలుచుకునే వాళ్ల చర్చిలో ప్రతి మనిషికీ అలాంటి తేదీలు రెండుంటాయి. యేసును నమ్మి రక్షణ పొందిన తేదీ ఒకటి, లోపలి పాపపు వేరు కూడా పోయి సంపూర్ణ పరిశుద్ధత పొందిన తేదీ ఇంకొకటి. రెండోది లేనివాళ్లు అక్కడ సగం ఉడికిన అన్నం కింద లెక్క. పుట్టినరోజు మరిచిపోయినా ఊరుకుంటారు గానీ ఆ తేదీ మరిచిపోతే ఊరుకోరు.

అలాంటి కృపమ్మ మంగళవారం ఉదయం పదిన్నరకు, రొయ్యల షెడ్డులో, పన్నెండు మంది ఆడవాళ్లు చూస్తుండగా బ్లెస్సీని లెంపకాయ కొట్టింది.

పెద్ద కారణమేమీ లేదు. పదకొండింటికి బండి కదలాలి. ఐసు నీళ్ల తొట్ల పక్కన స్టీలు బల్లలకు రెండువైపులా నిలబడి ఆడవాళ్లు బొటనవేలి గోటితో రొయ్యల తలలు తుంచుతున్నారు. తల ఒక బుట్టలోకి, ఒళ్లు ఒక ట్రేలోకి. చేతులు చూడకుండానే చేసుకుపోతాయి ఆ పని. కృపమ్మ అక్కడ సూపర్‌వైజరు. నిండిన ట్రేను బ్లెస్సీ ఎత్తుకుని వస్తోంది. ఇరవయ్యారేళ్ల పిల్ల, సన్నటి మనిషి. ఐసులో నాని వాచిన వేళ్లకు పట్టు చిక్కక ట్రే జారింది. రొయ్యలన్నీ తడి గచ్చు మీద పరుచుకున్నాయి.

కృపమ్మ నోరెత్తలేదు. చెయ్యి మాత్రం లేచింది. తడి గ్లవుజు కదా, చప్పుడు షెడ్డంతా వినబడింది.

బ్లెస్సీ చెంప తడుముకోలేదు. ఒక్క క్షణం కృపమ్మ ముఖంలోకి చూసి, గొంతుక్కూర్చుని రొయ్యల్ని ఏరసాగింది. మిగతా ఆడవాళ్లు తలలు వంచుకుని మరింత వేగంగా తుంచడం మొదలుపెట్టారు. 

"కడిగి మళ్లీ ఐసులో వెయ్యి," అంది కృపమ్మ. తన గొంతు నెమ్మదిగా వచ్చినందుకు ఆవిడకే ముచ్చటేసింది. చూశావా, కోపం లేదు అనుకుంది. కోపం పోయిన మనిషికి కోపం రాదు కాబట్టి ఇది కోపం కాదు. బాధ్యత అయ్యుంటుంది, లేకపోతే భారం అయ్యుంటుంది. సాయంత్రం దాకా ఆ మాటలే అటూ ఇటూ మార్చి చూసుకుంది. ఏదీ అతకలేదు.

అతకకపోవడానికి కారణముంది. ఆ బ్లెస్సీని రెండు నెలలుగా ప్రభువు బల్లకు దూరంగా ఉంచారు. అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంటే తను వెనక గోడ దగ్గర చాప మీద కూర్చుంటుంది. ఎందుకయ్యా అంటే, కోప్పడినందుకు. ఒక ఆదివారం ఆరాధనకు ఆలస్యంగా వస్తే, సంఘ పెద్ద ఇస్సాకుగారు గుమ్మంలో ఆపి, "రొయ్యల కంపుతో బల్ల దగ్గరికి వస్తావా?" అన్నాడు. "ఇది కడిగితే పోయే కంపు కాదండీ, మీరొచ్చి ఒక్క పూట చెయ్యండి తెలుస్తుంది!" అని ఆ పిల్ల గట్టిగా అరిచింది. విచారణ పెట్టారు. పక్కనే ఉన్న కృపమ్మను పాస్టరుగారు అడిగారు: "సిస్టర్, అరిచిందా?"

"అరిచింది," అంది కృపమ్మ. అబద్ధం కాదు.

వచ్చే ఆదివారం సహవాసానికి పరిశుద్ధత దినం. ఆలోగా బ్లెస్సీ అందరి ముందూ తప్పు ఒప్పుకోకపోతే సంఘం పుస్తకంలోంచి పేరు కొట్టేస్తారు. ఆ రోజే కృపమ్మ సాక్ష్యం చెప్పాలి, మూడు ఊళ్ల నుంచి జనం వస్తున్నారు. ఆ రోజు బల్ల మీద విరిచే పులియని రొట్టె కాల్చేది కూడా కృపమ్మే. సాక్ష్యం చెడని చేతులతోనే కాల్చాలని వాళ్ల నియమం. పంతొమ్మిదేళ్లుగా ఆ చేతులు ఆవిడవే.

బుధవారం సెలవు పెట్టి గుడివాడ బయల్దేరింది.

అన్న హనోకు అక్కడ రిటైరైన హెడ్మాస్టరు. తండ్రి నాటి పాత సంఘంలోనే ఉండిపోయి, అందులోనే పెద్దరికం చేస్తున్నాడు. ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు అంటూ సిద్ధాంతం బట్టీపట్టించడం ఆయనకు పాఠం చెప్పినంత ఇష్టం. చల్లపల్లిలో దిగి, పామర్రు మీదుగా ఇంకో బస్సు పట్టుకుని కృపమ్మ వెళ్లేసరికి వరండాలో పేపరు చదువుతున్నాడు.

"ఏవమ్మా, కోపం లేని మనిషీ! ఇటు దారి తప్పావేంటి?"

"అన్నయ్యా, నేనొక పిల్లని కొట్టాను."

హనోకు ముఖం వెలిగింది. చెల్లెలికి కష్టం వచ్చిందన్న బాధ కంటే, పంతొమ్మిదేళ్ల వాదనలో గెలిచానన్న సంతోషమే ముందొచ్చింది పాపం. అది కనబడకుండా కళ్లజోడు తీసి తుడిచాడు. కృపమ్మ జరిగిందంతా చెప్పింది.

"చెప్పానా, లేదా?" అన్నాడు ఆఖరికి. "దేవుడు మనల్ని నీతిమంతులుగా తీర్చడం ఒక్కసారే జరుగుతుందే. పరిశుద్ధపరచడం మాత్రం ఊపిరి ఉన్నంతకాలం సాగుతుంది. మన సంఘానికి మూలమైన కాల్విన్ బోధ అదే, మన నాన్న చెప్పిందీ అదే. మీవాళ్లు తమ గురువు వెస్లీ గారి మాటొకటి పట్టుకుని, ఆయన కూడా అననంత దూరం లాగారు. వేరు ఊడొచ్చిందంట, తేదీ వేసుకున్నారంట! ఇదేమన్నా పన్ను పీకించుకోవడమా?"

వదిన మజ్జిగ గ్లాసులు తెచ్చి పెట్టింది. "పాపం, ప్రయాణం చేసొచ్చిన మనిషి. కాస్త ఊపిరి తీసుకోనివ్వండి."

"ఉండవే. ఇదిగో కృపా, వరి చేలో కలుపు ఒక్కసారి తీస్తే అయిపోతుందా? తీసినకొద్దీ మొలుస్తుంది. కోతదాకా తీస్తూనే ఉండాలి. అంతమాత్రాన చేను మనది కాకుండా పోతుందా? పోదు. అది దేవుడు ముందే మన పేర రాసిచ్చేశాడు."

కృపమ్మకు ఆ మాట చల్లగా తగిలింది. నిజానికి ఏడుపొచ్చింది. చేను పోదు అన్న మాట వినడానికే ఇంత దూరం వచ్చానేమో అనిపించింది.

"అయితే ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"ఏం చేస్తావు? దేవుడి దగ్గర ఒప్పుకో, ప్రార్థన చేసుకో, నిద్రపో. మనం పాపులం. అది తెలుసుకోవడమే సగం భక్తి."

"మరి ఆ పిల్ల సంగతో?"

హనోకు జవాబు చెప్పబోతుండగా పక్కింట్లో మోటారు మోగింది. ఎవరో దగ్గారు. హనోకు లేచి వెళ్లి ఆ వైపు కిటికీ రెక్కలు దబ్బున మూసి వచ్చాడు. వదిన గొంతు తగ్గించింది.

"సూరయ్యగారు. ప్రహరీ గోడ దగ్గర మాటామాటా వచ్చి తొమ్మిదేళ్లైందమ్మా, పలకరింపుల్లేవు. మొన్న వాళ్లావిడ పోతే కూడా మీ అన్నయ్య గడప దాటలేదు."

"నేనేమన్నా దేవదూతనా?" అన్నాడు హనోకు. "మనిషిని. చచ్చేదాకా ఇలాంటివి ఉంటూనే ఉంటాయి."

"కలుపు తీస్తూనే ఉండాలన్నావు," అంది కృపమ్మ. "నువ్వు చేలో దిగి ఎన్నాళ్లయింది అన్నయ్యా?"

వదిన పైట నోటికి అడ్డం పెట్టుకుంది. హనోకు మజ్జిగ గ్లాసు ఎత్తి, తాగకుండానే దించాడు. గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు. ఆ పూట ఎవరో తెలియజెప్పారు, అంతే. అన్న ముఖం పాలిపోవడం చూసిన కృపమ్మకు లోపలెక్కడో తియ్యగా అనిపించింది. మరుక్షణం గుర్తొచ్చింది. ఆ తీపి తనకు కొత్త కాదు. మంగళవారం తడి గ్లవుజు బ్లెస్సీ చెంప మీద పడ్డప్పుడు కూడా సరిగ్గా ఇదే. రెప్పపాటు, అంతే. కానీ హాయిగా ఉంది.

ఆ సంగతి అన్నకు చెప్పలేదు.

గురువారం పొద్దున్నే రైల్లో బందరు చేరింది. పాస్టరు శ్యామ్ సుందర్ గారి ఇల్లు ఈడేపల్లిలో. శనాదివారాలు అవనిగడ్డ వచ్చి, మిగతా రోజులు ఇక్కడే ఉంటారాయన. మెత్తటి మనిషి, ఎవరినీ ఏకవచనంతో పిలవరు. కృపమ్మ భర్త ఆసుపత్రిలో ఉన్నప్పుడు పదకొండు రాత్రులు మంచం పక్కన కూర్చున్నారు. అందుకే ఆయన ముందు ఈ మాట చెప్పడం ఆవిడకు మరీ కష్టమైంది.

ఆయన కళ్లు మూసుకుని విన్నారు. 

"ఒక్కటి అడుగుతానమ్మా. ఆ అమ్మాయి మీద మీ మనసులో ద్వేషం ఉందా?"

"ద్వేషమంటే... లేదండీ."

"లేదు కదా. అయితే అది పాపం కాదు, బలహీనత. మీ వయసెంత, మీ మీద భారమెంత? శరీరం అలిసిపోయింది, చెయ్యి జారింది. పరిశుద్ధత పొందినవాళ్లు పొరపాటు పడొచ్చు. తెలిసి పాపం చెయ్యరు. ఆ తేడా మీకు నేను చెప్పాలా?"

ఎండన పడి వచ్చిన మనిషికి చెంబుడు నీళ్లిచ్చినట్టయింది. చేను పోలేదు. తేదీ పోలేదు. రొట్టె పోలేదు. కృపమ్మ లేచి నిలబడింది కూడా. గుమ్మం దాకా వచ్చి ఆగింది.

"మరి బ్లెస్సీ అరిచినప్పుడు, అదేంటండీ?"

"అది వేరు కదమ్మా. ఆ అమ్మాయికి ఇంకా రెండో అనుభవం లేదు. లోపల వేరు అలాగే ఉంది. ఆ వేరులోంచి వచ్చింది ఆ అరుపు."

"నేను కొట్టానండీ. తను అరిచిందంతే."

పాస్టరుగారు లేచి దగ్గరకొచ్చారు. గొంతు ఇంకా మెత్తబడింది. "సిస్టర్, మీ సాక్ష్యం మీద ఎంతమంది నిలబడి ఉన్నారో మీకు తెలియదు. ఆదివారం మీరు తడబడితే వాళ్లంతా తడబడతారు. బలహీనతని పాపమని చెప్పడం కూడా ఒకరకమైన అబద్ధమే."

ఆయన మోసం చెయ్యడం లేదు. అది కృపమ్మకు తెలుసు. నిజంగానే అలా నమ్ముతున్నారు, తన మీద ప్రేమతోనే చెబుతున్నారు. అందుకే ఆవిడకు భయం వేసింది. ఒకే రకం పనికి ఒకరి దగ్గర ఒక పేరు, ఇంకొకరి దగ్గర ఇంకో పేరు. పేరు పెట్టేవాళ్లు మనవాళ్లయితే చాలు. అవనిగడ్డ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారి పొడుగునా కళ్లు తెరిచి ఉన్నా ఆవిడకు ఏ ఊరూ కనబడలేదు.

శుక్రవారం షెడ్డుకు బ్లెస్సీ రాలేదు. శనివారం పొద్దున కృపమ్మే వాళ్లింటికి వెళ్లింది. కాలవ గట్టున రేకుల ఇల్లు. బ్లెస్సీ గుమ్మంలో కూర్చుని, గిన్నెలో వేడినీళ్లలో ఉప్పూ పసుపూ వేసి చేతులు ముంచుకుని ఉంది. వేళ్ల సందులు తెల్లగా పాసి, రొయ్య ముళ్లు దిగిన చోట్ల ఎర్రగా ఉబ్బాయి. ఆ చేతుల్ని కృపమ్మ రోజూ చూస్తూనే ఉంటుంది. ఇంతసేపు చూడ్డం ఇదే మొదటిసారి.

"రండాంటీ," అంది గానీ చేతులు తియ్యలేదు.

"నిన్ను కొట్టాను. తప్పయింది. నన్ను క్షమించమ్మా."

బ్లెస్సీ నీళ్లలో చేతులు తిప్పింది. "ఆ దెబ్బకేముందాంటీ? మా అమ్మ ఇంతకన్నా గట్టిగా కొట్టేది."

"మరి..."

"ఆ రోజు పాస్టరుగారు అడిగితే 'అరిచింది' అన్నారు. అంతే అన్నారు. ఆ శనివారం రాత్రి లోడు లేటుగా వస్తే నన్ను ఆపింది ఎవరు? ఒక్క లోడే అమ్మా, పొద్దున ఆరాధన టైముకి వదిలేస్తానన్నదెవరు? నేను ఇంటికి కూడా వెళ్లకుండా అటునుంచటే వచ్చాను, బల్ల పోకూడదని. అది మీకు తెలుసు. అందరిలోకీ మీకొక్కరికే తెలుసు. మీరు చెబుతారని మీకేసి చూశాను. మీరు 'అరిచింది' అని ఊరుకున్నారు."

కృపమ్మకు అప్పుడు తెలిసింది. నాలుగు రోజులుగా ఊళ్లు పట్టుకుని తిరుగుతున్నది ఒక లెంపకాయ గురించి. అసలు దెబ్బ రెండు నెలల కిందటే కొట్టిందన్నమాట, అదీ నిజం చెప్పి.

"నేను అందరికీ చెబుతాను, నువ్వు..."

"నాకిక్కడ గుమ్మంలో చెప్పొద్దాంటీ," అంది బ్లెస్సీ. "అక్కడ అన్నారు. అక్కడే చెప్పండి. చెప్పలేకపోతే మానెయ్యండి. రేపు నేను ఒప్పుకోవడానికి రావట్లేదు. పేరు కొట్టేస్తుంటే చూడ్డానికి వస్తున్నాను."

మధ్యాహ్నం కృపమ్మ రొట్టె పిండి కలిపింది. ఉపవాసం ఉండి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, ఉప్పు లేకుండా, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ పిసకాలి. పిండి ఎంతకీ ముద్ద కాలేదు. రెండుసార్లు వదిలేసి లేచింది. ఎవరికన్నా ఫోన్ చేసి నాకు జ్వరం అంటే? జ్వరమంటే అందరూ నమ్ముతారు. కృపమ్మ మాట కదా. ఆ ఆలోచనకు తనకే ఒళ్లు మండి మళ్లీ కూర్చుంది. రేపు నోరు తెరిస్తే తేదీ పోతుంది, ఈ రొట్టె పోతుంది. ఈ రెండూ పోయాక ఆ హాలులో తను ఎవరు? అక్కా అని పిలిచేవాళ్లు, వచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించమని అడిగేవాళ్లు, వాళ్లంతా ఏమవుతారు? పెనం కాగుతుండగా ఫోన్ మోగింది. హనోకు.

"సూరయ్య ఇంటికెళ్లాను," అన్నాడు ముందూ వెనకా లేకుండా.

"ఏమన్నాడు?"

"తలుపు తియ్యలేదు. రేపు మళ్లీ వెళ్తాను. నీ నోరు మంచిది కాదే కృపా." ఫోన్ పెట్టేశాడు.

కృపమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రొట్టె ఒకవైపు కాస్త మాడింది.

ఆదివారం హాలు నిండిపోయింది. ఎడమవైపు మగవాళ్లు, కుడివైపు ఆడవాళ్లు, చాపల మీద సందు లేకుండా కూర్చున్నారు. ముందు చిన్న బల్ల, దాని మీద తెల్లగుడ్డ కింద రొట్టె. వెనక గోడ దగ్గర విడిగా పరిచిన చాప మీద బ్లెస్సీ ఒక్కతే. పాటలయ్యాయి. పాస్టరుగారు పక్కూళ్లవాళ్లకు కృపమ్మను పరిచయం చేశారు. "పంతొమ్మిదేళ్లుగా కోపమెరగని తల్లి" అన్నారు. జనం స్తోత్రం అన్నారు.

కృపమ్మ ముందుకొచ్చి నిలబడింది. 

"నాకు కోపం పోయిందని ఇక్కడే నిలబడి పంతొమ్మిదిసార్లు చెప్పాను. మొన్న మంగళవారం మన బ్లెస్సీని చెంప మీద కొట్టాను."

 పాస్టరుగారు చప్పున అందుకున్నారు. "సిస్టర్‌గారు ఎంత తగ్గింపుతో తన బలహీనతని..."

"బలహీనత కాదండీ." ఆయన మాటకు అడ్డం రావడం ఆవిడ జన్మలో అదే మొదలు. "కొట్టినప్పుడు నాకు హాయిగా ఉంది. అలిసిపోయి కొడితే హాయిగా ఉండదు కదండీ."

ఇస్సాకుగారు తల దించుకున్నాడు. కృపమ్మ ఊపిరి తీసుకుంది.

"అదొక్కటే అయితే ఇంత మందిలో చెప్పక్కర్లేదేమో. రెండు నెలల కింద మీరు నన్నడిగారు, అరిచిందా అని. అరిచింది అన్నాను. ఎందుకరిచిందో నాకు తెలుసు, చెప్పలేదు. చెబితే అందులో నా తప్పు బయటపడుతుంది. ఆ రోజు నాకు కోపం లేదండీ. చాలా శాంతంగా ఉన్నాను. శాంతంగానే చేశాను ఆ పని. కోపం పోయిందో లేదో చూసుకుంటూ కూర్చుని, ఇది చూసుకోలేదు."

ఇంకేం చెప్పాలో తోచలేదు. చాపల మధ్య దారి చేసుకుంటూ వెనక్కి నడిచింది. బ్లెస్సీ చాప చిన్నది. కృపమ్మ దాని పక్కన ఉత్త గచ్చు మీద కూర్చుంది. బ్లెస్సీ ఆవిడ వైపు చూడలేదు.

పాస్టరుగారు చేతిరుమాలుతో ముఖం తుడుచుకున్నారు. జరగాల్సిన క్రమం ఒకటుంది, ఆయన దాన్నే పట్టుకున్నారు. పరిశుద్ధత దినాన బల్లకు ముందు ఒక ప్రశ్న అడగడం వాళ్ల ఆనవాయితీ.

"గడిచిన ఏడాదంతా తెలిసి పాపం చెయ్యకుండా నిలబడినవాళ్లు, ప్రభువు బల్ల కోసం లేచి నిలబడండి."

ప్రతి ఏడూ ఆ మాట పూర్తి కాకుండానే హాలు సగం లేస్తుంది, అందరికన్నా ముందు ఇస్సాకుగారు. ఈసారి ఆయన చెయ్యి నేలకు ఆనింది, ఒక మోకాలు లేచింది. ఎదురుగా ఎవరూ లేవలేదు. ఆయన పంచె సర్దుకోవడానికే కదిలినట్టుగా సర్దుకుని మళ్లీ కూర్చున్నాడు. ఆడవాళ్లలో రొయ్యల షెడ్డువాళ్లు ఐదుగురున్నారు. ఆ మంగళవారం తలలు వంచుకుని తుంచినవాళ్లు. ఇప్పుడూ తలలు వంచుకునే ఉన్నారు. పక్కూళ్లవాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

హాలు మొత్తానికి నిలబడి ఉన్నది పాస్టరుగారొక్కరే.

ఆ సంగతి ఆయన గమనించడానికి కొంచెం సేపు పట్టింది. గమనించాక రొట్టె వైపు చూశారు, ఇస్సాకుగారి వైపు చూశారు, తన కాళ్ల వైపు చూసుకున్నారు.  కృపమ్మకు ఆయన మీద జాలి కలిగింది. తను నిలబడి వచ్చిన చోటే కదా అది. చివరికి ఆయన బల్ల పక్కనే, అందరిలాగే నేల మీద కూర్చున్నారు. మాట్లాడినప్పుడు అది ప్రసంగం గొంతు కాదు.

"బ్లెస్సీ అమ్మా. ఆ ఆదివారం ఎందుకరిచారని మిమ్మల్ని మేమెవరమూ అడగలేదు. ఇప్పుడు చెప్పండి."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. బ్లెస్సీ కృపమ్మ వైపు చూసింది. కృపమ్మకు అంతా నోటిదాకా వచ్చింది, చెప్పేస్తే తన గుండె బరువు దిగిపోతుంది. నోరు గట్టిగా మూసుకుంది. ఈసారి మాట ఆ పిల్లదే.

బ్లెస్సీ చేతులు ఒళ్లో పెట్టుకుని, గొంతు సవరించుకుంది.

"శనివారం రాత్రి లోడు లేటుగా వచ్చిందండీ," అంది.